దీపాలదిన్నె బొమ్మలు – కల్నల్ కాలిన్ మెకంజీ జీవితం

ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితం గూర్చి వ్రాయవలసిందిగా మన సంఘ కార్యదర్శి గారు కోరారు. దేశనాయకులను గూర్చి, కవులను గూర్చి వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను సర్కారు కాగితాల మధ్య 35 ఏళ్ళు గడిపినవాణ్ణి కనుక అటువంటి కాగితాల మనిషినే ఎన్నుకున్నాను. ఆయన మన దేశస్థుడు కాడు. మన భాష ఆయనకు పట్టుబడలేదు. 38 ఏళ్ళు సర్వీసు చేసి, పెన్షను పుచ్చుకొని స్వగ్రామం చేరే యోగం లేక, ఉద్యోగంలో ఉండగానే ఈ గడ్డమీద కన్నుమూశాడు. ఆయన కల్నల్ కాలిన్ మెకంజీ.

మెకంజీ కైఫీయతుల పేరు మన పాఠకులలో చాలామంది విన్నదే. రెవిన్యూ శాఖలో పనిచేసినవారికి మరీ తెలుసు. అయితే ఆ కైఫీయతులతోబాటు ఆయన వేయించిన బొమ్మల సంగతి అంతగా ప్రచారంలో లేదు. నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది వాటిని గూర్చే.

మెకంజీ 1754లో స్కాట్లండుకు వాయవ్యాన సముద్రంలో ఉన్న లూయిస్ దీవిలో, స్టార్నొవే అనే చిన్న రేవుపట్నంలో పుట్టాడు. తండ్రి మర్డోక్ మెకంజీ వర్తకుడు, ఆ ఊరికి మొదటి పోస్టుమాస్టరు. కొడుకు పడుచుతనంలో ఆ రేవులోనే కస్టమ్స్ ఉద్యోగం చేశాడు. అంటే సరుకుల లెక్కలు, సుంకాల పద్దులు వ్రాసుకునే గుమాస్తాగిరీ అన్నమాట. ఈ సంగతి తెలిసిన రోజున నాకు ఆయనమీద ఒక విధమైన బంధుత్వం కలిగింది. 29వ ఏట, 1783లో, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మద్రాసులో దిగాడు. మూడేళ్ళకు ఇంజనీర్ల విభాగానికి మారాడు.

ఆయన ఈ దేశానికి వస్తూ ఒక వింత బాధ్యత మోసుకొని వచ్చాడు. లాగరిథమ్స్ కనిపెట్టిన జాన్ నేపియర్ వంశీయుడొకరు తమ పూర్వికుని జీవితచరిత్ర వ్రాయదలచి, హిందువుల గణితశాస్త్రంలో అటువంటి లెక్కలు ఉన్నాయేమో విచారించే పని ఈ యువకునికి అప్పగించాడు. ఆ పనిమీదనే మదురైలో పండితులతో పరిచయమైంది. లాగరిథమ్స్ మాట ఎలా ఉన్నా, ఈ దేశంలో వ్రాతప్రతులూ శాసనాలూ ఎంత విస్తారంగా ఉన్నాయో అక్కడ ఆయనకు తెలిసివచ్చింది. కొన్నాళ్ళకు నేపియర్ చరిత్ర వెనకబడింది, మన చరిత్ర ముందుకు వచ్చింది.

అయితే పదేళ్ళకు పైగా తీరిక చిక్కలేదు. మైసూరు యుద్ధం, పుదుచ్చేరి ముట్టడి, సింహళ దండయాత్ర – ఇలా తిప్పారు. మధ్యమధ్య గుంటూరు, నైజాం ప్రాంతాలలో సర్వే. ఆ తిరుగుళ్ళలోనే 1794లో నల్లమల అడవిలోబడి శ్రీశైలం చేరాడు. మల్లికార్జునస్వామి గుడి చుట్టూ ఉన్న ప్రాకారం మనలో చూడనివారుండరు. మనం స్వామి దర్శనం తొందరలో దాన్ని ఒకసారి తేరిపార చూసి లోపలికి పోతాం. మెకంజీ గోడ దగ్గరే ఆగిపోయాడు. బారులు తీరిన ఏనుగులు, గుర్రాలు, వేటగాళ్ళు, నడుమనడుమ పురాణ కథలు – ఇవన్నీ వరుసగా చూసి వ్రాసుకున్నాడు. ఆ వర్ణన నాలుగేళ్ళ తరువాత కలకత్తా ఏషియాటిక్ సొసైటీ వారి సంపుటంలో అచ్చయింది. అందులో శ్రీశైలాన్ని ఆయన పర్వతం అని, చుట్టుపక్కల జనం పిలిచే పేరుతోనే వ్యవహరించాడు. పుస్తకంలో పేరు వెతకకుండా, ఎదుటనున్న మనిషిని అడిగి వ్రాసుకునే అలవాటు ఆయనకు మొదటినుంచీ ఉంది.

అడగడానికి భాష కావాలి గదా. మన దేశభాషలు తనకు రావని ఆయన దాచుకోకుండా ఒప్పుకున్నవాడు. ఆ లోటు తీర్చినవాడు మన ఏలూరు కుర్రవాడు కావలి వెంకట బొర్రయ్య. 1776లో పుట్టిన నియోగి బ్రాహ్మణుడు. ఇరవై ఏళ్ళ ప్రాయంలో మెకంజీ కొలువులో చేరాడు. 1799లో శ్రీరంగపట్టణం పడిపోయిన తరువాత మైసూరు రాజ్యాన్ని కొలిచే పని మెకంజీ మీద పడింది. సుమారు 40,000 చదరపు మైళ్ళ నేల. కొలతగొలుసుల వెంట బొర్రయ్య నడిచాడు. దొర కొండల ఎత్తులు లెక్కగడుతుంటే, బొర్రయ్య ఊళ్ళో కరణాన్నీ, గుడి పూజారినీ పట్టుకొని ఆ ఊరి పుట్టుపూర్వోత్తరాలు వ్రాయించేవాడు. రాళ్ళమీద ఎవరికీ అంతుచిక్కని హళగన్నడ లిపిని కూడబలుక్కొని చదవడం నేర్చాడు. ఆ శాసనాలు చదవగలిగిన తరువాతే, రాజుల వరుసలు కథలుగా గాక సంవత్సరాలతో సహా బయటపడసాగాయి.

కంపెనీ వారు సర్వేకు ఇచ్చే డబ్బులో కోత పెట్టారు. పొదుపు ఉత్తర్వులు అప్పుడూ ఉన్నాయి! భూములు కొలవడం కంపెనీకి కావలసిన పని; ఊళ్ళ చరిత్రలు, శిల్పాలు దానికి అక్కరలేనివి. అందుచేత ఈ గుమాస్తాల జీతాలలో చాలా భాగం మెకంజీ తన చేతినుంచి ఇచ్చుకున్నాడు. 1803లో బొర్రయ్య పోయాడు. అప్పటికి 27 ఏళ్ళు. తమ్ముడు లక్ష్మయ్య ఆ స్థానంలోకి వచ్చి, మెకంజీ కడవరకూ వెంట ఉన్నాడు. ఇంకో తమ్ముడు రామస్వామి కూడా ఈ పనిలోనే పెరిగి, తరువాత దక్కను కవుల జీవితాలను ఇంగ్లీషులో వ్రాసి 1829లో అచ్చు వేయించాడు.

నారాయణరావు, ఆనందరావు వంటివారు చేతిలో ప్రశ్నల జాబితాతో, నెలనెలా రిపోర్టు పంపే ఒప్పందంతో జిల్లాలమీద తిరిగేవారు. ఊళ్ళోకి సర్కారు మనిషి వచ్చి పాత దానశాసనం ఎక్కడ అని అడిగితే జనం ఏమనుకుంటారు? ఇనాము ఊడబెరకడానికే వచ్చాడనుకుంటారు. వాళ్ళకూ అదే కష్టం ఎదురైంది. బతిమాలి, నమ్మించి, కరణాల ఇళ్ళలోని దండకవిలెలు విప్పించారు. ఇనాముల విచారణకు పోయిన మన మిత్రులకు ఆ గడప ముందు నిలబడడం ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

ఇక అమరావతి. 1797 ప్రాంతంలో మెకంజీ అక్కడికి మొదటిసారి వెళ్ళాడు. చింతపల్లి సంస్థానాధిపతి రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు గారు తమ నివాసాన్ని అమరేశ్వరుని సన్నిధికి మార్చుకొని కొత్త పట్నం కట్టిస్తున్న రోజులవి. ఊరి పక్కన దీపాలదిన్నె అని ఒక మట్టిదిబ్బ. కొత్త ఇళ్ళకు రాయి కావలసి తవ్వితే తెల్లని పలకలు బయటపడ్డాయి, వాటినిండా బొమ్మలు. అవి ఏమిటో రాజావారికి తెలియదు, తవ్విన కూలికి తెలియదు. మెకంజీకీ తెలియదు, జైనులవని అనుకున్నాడు. రెండువేల ఏళ్ళనాటి బౌద్ధ మహాచైత్యం అది. అడుగున సుమారు 160 అడుగుల అడ్డుకొలత గల కట్టడం, దాని చుట్టూ ఎత్తైన రాతి ప్రాకారం, ప్రాకారం లోపలా బయటా శిల్పాలు.

ఆ శిల్పాలు ఏ తీరుగా కథ చెబుతాయో ఒక ఉదాహరణ ఇస్తాను. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో అమరావతినుంచి వచ్చిన గుండ్రని శిల్పం ఒకటి ఉంది. నాలాగిరి అనే మదపుటేనుగును బుద్ధునిమీదికి వదిలిన కథ. ఎడమవైపు ఏనుగు వీధిలో పడి ఒక మనిషిని పట్టి విసురుతున్నది. జనం చెల్లాచెదరవుతున్నారు. మేడల కిటికీలలోనుంచి ఆడవాళ్ళు తొంగిచూస్తున్నారు. అదే వీధిలో, అదే చక్రంలో, కుడివైపు ఆ ఏనుగే బుద్ధుని పాదాల దగ్గర మోకరిల్లింది. ముందు జరిగినదీ తరువాత జరిగినదీ ఒకే పలకమీద. చదువురానివాడికి కూడా పక్కన ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. కథ తెలిసినవాడు ఇంకో సంగతి చూస్తాడు – ఆనాటి కృష్ణాతీరపు పట్నంలో మేడ ఎలా ఉండేది, కిటికీ ఎలా ఉండేది, ఆడవాళ్ళు ఏ నగలు పెట్టుకునేవారు అని. శిల్పి చెప్పబోయింది బుద్ధుని మహిమ. ఆ పని చేస్తూనే, తాను ఉద్దేశించకపోయినా, తన ఊరిని వ్రాసిపెట్టాడు.

కొన్ని పలకలమీద దాతల పేర్లు చెక్కి ఉన్నాయి. రాజులే కారు, వ్యాపారులు, గృహిణులు, భిక్షుణులు ఉన్నారు. నాగుడనే ఉపాధ్యాయుని కొడుకు విధికుడు, తోలుపని చేసుకునేవాడు, పూర్ణకుంభం చెక్కిన పలక ఒకటి చేయించి ఇచ్చాడు. ఇంతమంది పేర్లున్న రిజిస్టరు ఆ కాలంది మనకు మరొకటి ఎక్కడ దొరుకుతుంది?

మెకంజీ మొదటిసారి కొద్దిసేపే చూసి, కొన్ని గీయించుకొని వెళ్ళిపోవలసి వచ్చింది. మళ్ళీ రావడానికి 1816 దాకా వీలుపడలేదు. ఈలోగా మైసూరు సర్వే పూర్తయింది. జావా యుద్ధానికి పోయి రెండేళ్ళుండి, అక్కడ ప్రంబనన్ ఆలయాల శిథిలాలను పరిశీలించి వ్యాసం వ్రాశాడు. అక్కడే 1812లో వివాహం చేసుకున్నాడు, 58వ ఏట. మన రోజుల్లో రిటైరుమెంటు ఆర్డరు వచ్చిన వయస్సులో ఆయన సంసారం మొదలుపెట్టాడు! 1815లో మొత్తం ఇండియాకు మొదటి సర్వేయర్ జనరలు అయ్యాడు.

1816లో తిరిగి వచ్చి చూస్తే దిన్నె నడిబొడ్డు లేదు. మట్టి తోడివేసి అక్కడ చెరువు తవ్వుతున్నారు. పలకలు కొన్ని మెట్లయినాయి, కొన్ని గోడలలోకి పోయాయి, చాలావరకు సున్నపు బట్టీలకు చేరాయి. పలనాటి సున్నపురాయి గదా, చక్కగా కాలుతుంది. వెంకటాద్రినాయుడు గారిని ఇందుకు తప్పుపట్టేవారున్నారు. నేను పట్టను. గుళ్ళు కట్టించి అన్నదానాలు చేసిన దాత ఆయన. అది చైత్యమని ఆయనతో చెప్పగలవాడు ఆనాడు ఈ దేశంలో లేడు, దొరల్లోనూ లేడు.

మెకంజీ ఏం చేశాడంటే, మిగిలిన పలకలను గీయించాడు. ఆయన దగ్గర నక్షాలు గీసే సహాయకులుండేవారు. జాన్ న్యూమన్, హెన్రీ హామిల్టన్ వంటివారు. వీరిలో పలువురు మద్రాసు సర్వే స్కూలులో తర్ఫీదైనవారు. 1794లో పెట్టిన ఆ స్కూలులో అనాథాశ్రమం పిల్లలను చేర్చుకొని గొలుసుపట్టడం, నక్షాలు గీయడం నేర్పేవారు. వాళ్ళు పొలాల హద్దులు గీసే చేతులతోనే శిల్పాలు గీశారు. చిత్రకారులు కారు కనుకనే, నా అభిప్రాయంలో, ఆ బొమ్మలకు అంత విలువ వచ్చింది. తమ సొంత అందం కలపలేదు. పగిలిన మూల పగిలినట్టే, అరిగిన ముఖం అరిగినట్టే వేశారు. పటం అడుగున కొలత, తేదీ, గీసినవాని పేరు. అక్షరాలున్న చోట అక్షరాలు కూడా ఉన్నవి ఉన్నట్టు దించారు. అప్పటికి ఆ బ్రాహ్మీ లిపి చదవగలవారు లోకంలో ఒక్కరూ లేరు. ప్రిన్సెప్ దాని గుట్టు విప్పింది 1837లో. చదవలేని అక్షరాన్ని గీత తేడా లేకుండా నకలు తీయడం ఎంత కష్టమో పాత మోడీ కాగితాలు ఎత్తివ్రాసినవారికి తెలుస్తుంది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పక తప్పదు. నేను ఒక తాలూకా కచ్చేరీలో రికార్డు కీపరుగా ఉన్న రోజుల్లో, కాలం తీరిన పాత రికార్డు అమ్మివేయమని ఉత్తర్వు వచ్చింది. మూటలు విప్పి జాబితా వ్రాస్తుంటే, ఎప్పటిదో ఒక ఇన్స్పెక్టరు గారి పాతనోటుపుస్తకం దొరికింది. అందులో ఒక ఊరి పొలిమేరలోని వీరగల్లును ఆయన సిరాతో గీశాడు. గుర్రంమీద కత్తి దూసిన వీరుడు, పైన అప్సరసలు, పక్కన రెండు వరుసల అక్షరాలు. బాగుందే అనుకున్నాను. పుస్తకం జాబితాలో ఉంది, తూకం వేశారు, నేనే సంతకం పెట్టాను. కొన్నేళ్ళకు ఆ ఊరికి వేరే పనిమీద వెళ్ళి అడిగితే, రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ రాయి పగిలి కంకరలో కలిసిపోయిందన్నారు. ఇప్పుడు రాయీ లేదు, బొమ్మా లేదు. ఆ రెండు వరుసలలో ఏముందో చెప్పగలవారు లేరు. మెకంజీ వీరగల్లులను కూడా విడిచిపెట్టకుండా గీయించాడని తరువాత ఎప్పుడో చదివి, ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు.

అమరావతి పటాలు ఎనభైకి పైగా తయారయినాయి. మెకంజీ వాటిని మూడు ప్రతులు తీయించి కలకత్తాకు ఒకటి, మద్రాసుకు ఒకటి, లండనుకు ఒకటి ఏర్పాటు చేశాడు. ఒకటి పోతే ఇంకొకటి ఉంటుందన్న దఫ్తరు జాగ్రత్త. పండితులందరికీ ఆధారమై ఈనాటికీ నిలిచింది లండను ప్రతి. ఆ పటాలలో ఉన్న పలకలు కొన్ని ఈరోజు ఏ మ్యూజియంలోనూ లేవు. బట్టీలో కాలి ఎవరి ఇంటి గోడకో సున్నమై ఉంటాయి. కాగితంమీద మాత్రం ఉన్నాయి.

అన్నిటికంటె విశేషం, ఆ పలకలలో కొన్నింటిమీద మహాచైత్యమే చెక్కి ఉంది. అర్ధగోళం, దానిమీద వ్రేలాడే పూలహారాలు, ద్వారం దగ్గర సింహాలు, ఒక్కొక్క దిక్కున అయిదేసి ఆయక స్తంభాలు, మొక్కుతున్న భక్తులు. కట్టడం కూలిపోయినా అది నిలిచి ఉన్నప్పుడు ఎలా ఉండేదో దాని గోడమీది బొమ్మే చెప్పింది. పుస్తకాలలో మనం చూసే అమరావతి స్తూపం ఊహాచిత్రాలన్నీ ఈ పలకల ఆధారంగా వేసినవే.

రాళ్ళ తిప్పలు ఆయన తరువాత కూడా తీరలేదు. రాబర్ట్‌సన్ అనే కంపెనీ అధికారి కొన్ని పలకలను బందరు తరలించి బజారులో అలంకారంగా నిలిపాడు. రాబర్ట్‌సన్‌పేట పేరు ఇప్పటికీ ఉంది. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు పంపినవి ఏళ్ళ తరబడి ఎండావానలకు ఆరుబయట పడి ఉండి, 1859లో ఓడెక్కాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియం చేరాయి. మిగిలినవి చెన్నైలో, కొద్దిపాటివి అమరావతి మ్యూజియంలో ఉన్నాయి.

మెకంజీ 1817లో లక్ష్మయ్యతో సహా కలకత్తాకు మారాడు. సేకరించినదంతా వర్గీకరించి జాబితా వేయాలన్నది ఆయన కోరిక. ఆరోగ్యం సహకరించలేదు. 1821 మే 8న, కలకత్తా దగ్గర, 67వ ఏట మరణించాడు. అక్కడి సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానంలో సమాధి ఉంది. ఆయన భార్య దగ్గరనుంచి కంపెనీ ఆ సేకరణను లక్ష రూపాయలకు కొన్నది. విల్సన్ పండితుడు 1828లో వేసిన జాబితా ప్రకారం సాహిత్య గ్రంథాలు 1,568, శాసనాల నకళ్ళు 8,076, బొమ్మలు 2,630, నాణాలు 6,218. కొంత లండను వెళ్ళింది, కొంత మద్రాసుకు వచ్చింది. మద్రాసులో కైఫీయతులు చివికిపోతుంటే సి.పి. బ్రౌను దొర నకళ్ళు వ్రాయించి కాపాడాడు. కడప కైఫీయతులు మన కాలంలో బ్రౌను పేరిట కడపలో ఉన్న పరిశోధన కేంద్రం వారే అచ్చు వేశారు.

లక్ష్మయ్యకు జరిగినది మాత్రం బాగాలేదు. దొర మొదలుపెట్టిన పని కొనసాగించడానికి అనుమతి ఇవ్వమని ఆయన అర్జీ పెట్టుకున్నాడు. 1836లో ప్రిన్సెప్ తదితరులు దాన్ని పరిశీలించి, ఇటువంటి విమర్శనాత్మకమైన పనికి ఈయన అర్హతలు చాలవని తేల్చారు. ఏ శాసనాలు ఎక్కడివో, ఏ కవిలె ఏ కరణం ఇంట దొరికిందో తెలిసిన మనిషికి చెప్పిన సమాధానమిది. ఆ వ్రాతప్రతుల పరిశీలన విలియం టేలరు అనే పాదరీ చేతికి వెళ్ళింది.

1816లో, అంటే అమరావతి బొమ్మలు మొదలుపెట్టిన ఏడే, థామస్ హికీ అనే చిత్రకారుడు మద్రాసులో మెకంజీ పటం తైలవర్ణాలలో వేశాడు. అదిప్పుడు లండనులో బ్రిటిష్ లైబ్రరీ వారి దగ్గర ఉంది. ఎర్రకోటు తొడుక్కున్న దొర మధ్యన నిలబడ్డాడు. వెనక దూరాన బాహుబలి విగ్రహం కనబడుతుంది. అటువంటి పటాలలో దొర ఒక్కడే ఉండడం ఆనాటి రివాజు. ఇందులో మన మనుషులు ముగ్గురున్నారు. ఒకరి చేతిలో తాటాకులు, ఒకరి చేతిలో దుర్భిణి. దుర్భిణి పట్టుకున్నది బంట్రోతు కిష్టాజీ అనీ, తక్కిన ఇద్దరు జైన పండితుడు ధర్మయ్య, మన లక్ష్మయ్య అనీ పరిశోధకులు గుర్తించారు. ఆ పటం వేసేనాటికి బొర్రయ్య పోయి 13 ఏళ్ళయింది.